బిగ్ 12 బాస్కెట్‌బాల్‌లో కొత్త కుర్రాళ్లు, పాత గార్డులు: 2025–26 సీజన్ ముందు కొన్ని మాటలు

(2025 అక్టోబర్ చివరి వారంలో టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో తెలుగు విద్యార్థులు, తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఈ పక్కన కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పిల్లలు కింద కూర్చున్నా ఫర్వాలేదు.

మనం కూర్చున్న ఈ ఇర్వింగ్‌లోనే బిగ్ 12 కాన్ఫరెన్స్ ప్రధాన కార్యాలయం ఉంది. పదహారు యూనివర్సిటీల ఆటల వ్యవహారం మన ఇళ్ల పక్కనే నడుస్తోంది. మన పిల్లలు చదువుతున్న క్యాంపస్‌లు కూడా అందులో చాలా ఉన్నాయి: ఆరిజోనా స్టేట్, హ్యూస్టన్, సిన్సినాటి, యూసీఎఫ్, టెక్సస్ టెక్. కాబట్టి ఈ లీగ్ పురుషుల బాస్కెట్‌బాల్ గురించి మన భాషలో, తీరిగ్గా మాట్లాడుకుందాం. నవంబర్ 3న సీజన్ మొదలు. ఇంకో వారమే ఉంది.

ఈ ఏడాది ఎవరిని కదిపినా ఒకటే మాట: కొత్త కుర్రాళ్లు, కొత్త కుర్రాళ్లు. బీవైయూలో, అంటే బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో, ఏజే డిబాన్సా. కాన్సస్‌లో డారిన్ పీటర్సన్. ఆరిజోనాలో కోవా పీట్. హ్యూస్టన్‌లో అయితే ఒకరు కాదు, ముగ్గురు. దేశం మొత్తంలో ఈ ఏడాది హైస్కూల్ దాటిన వాళ్లలో మొదటి రెండు మూడు పేర్లు చెప్పమంటే అందులో డిబాన్సా, పీటర్సన్ ఇద్దరూ ఉంటారు. ఇద్దరూ ఒకే లీగ్‌లో పడ్డారు. ఇది మామూలు విషయం కాదు.

కొత్తొక వింత, పాతొక రోత అంటారు కదా. ఈ సీజన్ చూసేటప్పుడు ఆ సామెతను కాసేపు పక్కన పెట్టమని అడగడానికే వచ్చాను. కొత్త కుర్రాడు ఎంత గొప్పవాడన్నది సగం ప్రశ్న. అతని పక్కన బంతి తెచ్చే పాత గార్డు ఎవరు? అతను తప్పు చేస్తే వెనక నుంచి సర్దేది ఎవరు? ఇది మిగతా సగం. 68 జట్ల ఎన్‌సీఏఏ జాతీయ టోర్నమెంట్ జరిగే మార్చిలో ఎవరు నిలబడతారో తేల్చేది ఈ మిగతా సగమే. ఎందుకో చెబుతాను, వినండి.

కొత్తగా చూసేవాళ్ల కోసం ముందు రెండు నిమిషాలు నియమాలు. వృత్తి ఆటగాళ్ల లీగ్ ఎన్‌బీఏలో పన్నెండేసి నిమిషాల నాలుగు భాగాలు. కాలేజీ పురుషుల ఆటలో 20 నిమిషాల రెండు అర్ధభాగాలు. బంతి చేతికొచ్చాక 30 సెకన్లలో షాట్ వేయాలి. మూడు పాయింట్ల గీత 22 అడుగుల 1¾ అంగుళాల దూరం. ఒక ఆటగాడికి ఐదు ఫౌళ్లు, ఐదోది పడితే బయటికి. ఎన్‌బీఏలో ఆరు కదా, ఆ ఒక్క ఫౌల్ తేడా కొత్త కుర్రాళ్లకు చాలా ఖరీదవుతుంది. ఇక ఒక అర్ధభాగంలో జట్టు మొత్తం మీద ఏడో ఫౌల్ పడిన దగ్గర్నుంచి ‘వన్ అండ్ వన్’ మొదలవుతుంది. అంటే మొదటి ఫ్రీ త్రో (ఎవరూ అడ్డు రాకుండా గీత దగ్గర నిలబడి వేసే ఒక పాయింట్ షాట్) పడితేనే రెండోది వేసే హక్కు. మొదటిది తప్పితే బంతి ఆటలో ఉన్నట్టే. పదో ఫౌల్ నుంచి నేరుగా రెండు. ఈ వన్ అండ్ వన్‌ని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దాని అవసరం వస్తుంది.

పోయిన ఏప్రిల్‌లో ఏం జరిగింది? శాన్ ఆంటోనియోలో జాతీయ టోర్నమెంట్ సెమీఫైనల్. ఒక పక్క డ్యూక్ యూనివర్సిటీ. అందులో కూపర్ ఫ్లాగ్, ఆ తర్వాత డ్రాఫ్ట్‌లో (ఎన్‌బీఏ జట్లు కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునేది) మొదటగా మన డల్లస్ మావెరిక్స్ తీసుకున్న కుర్రాడు. రెండో పక్క హ్యూస్టన్, నాలుగేళ్లు ఐదేళ్లు కాలేజీలో ఆడి ముదిరినవాళ్ల జట్టు. ఎనిమిది నిమిషాల ఆట మిగిలి ఉండగా డ్యూక్ 14 పాయింట్ల ముందు. చివరి 35 సెకన్లకు వచ్చేసరికి కూడా ఆరు పాయింట్ల ముందు. అక్కడి నుంచి హ్యూస్టన్ వరసగా తొమ్మిది పాయింట్లు చేసింది. హ్యూస్టన్ గార్డు షార్ప్ మూడు పాయింట్ల షాట్ వేశాడు. డ్యూక్ గీత బయటి నుంచి బంతి లోపలికి వేయబోతే మైలిక్ విల్సన్ లాక్కున్నాడు, అతని షాట్ తప్పితే ఆ బంతిని టగ్లర్ డంక్ చేశాడు, అంటే ఎగిరి బుట్టలో కుక్కాడు. తర్వాత డ్యూక్ గార్డు వన్ అండ్ వన్‌లో మొదటిదే పోగొట్టాడు. ఆ రీబౌండ్, అంటే తప్పిన షాట్ నుంచి వచ్చే బంతి, కోసం హ్యూస్టన్ ఆటగాడు జేవాన్ రాబర్ట్స్ వీపు మీదికి ఎక్కి ఫ్లాగ్ ఫౌల్ చేశాడు. రాబర్ట్స్ కూడా వన్ అండ్ వన్ గీత మీదే నిలబడ్డాడు. రెండూ వేశాడు, 68–67. చివర్లో ఎల్‌జే క్రయర్ ఇంకో రెండు ఫ్రీ త్రోలు. 70–67.

చూశారా? ఆ 35 సెకన్లలో అద్భుతమైన ప్రతిభ చూపించిన ఆట ఏదీ లేదు. బంతి ఎలా లోపలికి వేయాలి, రీబౌండ్‌కి ముందే మనిషికి ఎలా అడ్డం నిలబడాలి, కాళ్లు వణకకుండా ఫ్రీ త్రో ఎలా వేయాలి. అంతే. ఇవి ప్రాక్టీసులో వందల గంటలు చేస్తే వచ్చేవి.

ఇంకో ఉదాహరణ, ఇది మన లీగ్‌ది కాదు గానీ చెప్పాలి. పోయిన ఏడాది రట్గర్స్‌లో ఇద్దరు కొత్త కుర్రాళ్లు: డిలాన్ హార్పర్, ఏస్ బెయిలీ. జూన్ డ్రాఫ్ట్‌లో ఒకరు రెండో స్థానంలో, ఇంకొకరు ఐదో స్థానంలో వెళ్లారు. మరి రట్గర్స్ ఏమైంది? 15 గెలుపులు, 17 ఓటములు. ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కి కూడా వెళ్లలేదు. మన లీగ్‌లోనే బేలర్‌ని చూడండి. వీజే ఎడ్జ్‌కోంబ్ మూడో స్థానంలో డ్రాఫ్ట్ అయ్యాడు. బేలర్ టోర్నమెంట్‌లో రెండో రౌండ్‌కి ఆగిపోయింది.

అయితే పాతవాళ్లుంటే చాలా అని మీరు అడగొచ్చు. చాలదు. పోయిన ఏడాది సీజన్ ముందు ఏపీ ఓటింగ్‌లో, అంటే విలేకరుల ఓటింగ్‌లో, దేశంలో మొదటి స్థానం కాన్సస్‌ది. జట్టు నిండా పెద్దవాళ్లే. చివరికి 21–13, మొదటి రౌండ్‌లోనే ఆర్కన్సా చేతిలో ఇంటికి. వయసొక్కటే గెలిపించదు. గార్డు బంతి పోగొట్టుకోకూడదు, దూరం నుంచి షాట్ పడాలి. ఆ రెండూ ఉన్న అనుభవం కావాలి.

లీగ్ స్వరూపం

పదహారు జట్లు. 2023లో హ్యూస్టన్, బీవైయూ, సిన్సినాటి, యూసీఎఫ్ వచ్చాయి. 2024లో టెక్సస్, ఓక్లహోమా వెళ్లిపోయాయి, ఆరిజోనా, ఆరిజోనా స్టేట్, కొలరాడో, యూటా వచ్చాయి. పోయిన ఏడాది లీగ్ లోపల 20 ఆటలు ఆడారు, ఈసారి 18కి తగ్గించారు. లెక్క తేలికే: ప్రతి జట్టుకీ పదిహేను ప్రత్యర్థులు. ముగ్గురితో రెండేసి సార్లు, పన్నెండు మందితో ఒక్కోసారి. ఆరూ పన్నెండూ కలిస్తే పద్దెనిమిది. అంటే ఏమిటి? ఒక జట్టు హ్యూస్టన్‌తో రెండుసార్లు ఆడాలి, ఇంకొకటి ఒక్కసారే, అదీ సొంత కోర్టులో. పట్టికలో ఒకటి రెండు గెలుపుల తేడా ఉంటే ఆ తేడా ఈ పంపకం నుంచే వచ్చి ఉండొచ్చు. మార్చిలో స్థానాలు చూసి వాదించుకునే ముందు ఎవరు ఎవరితో రెండుసార్లు ఆడారో చూడండి.

ప్రయాణాలు ఇంకో సంగతి. వెస్ట్ వర్జీనియా నుంచి ఆరిజోనా దాకా పరుచుకున్న లీగ్ ఇది. కొలరాడో ఆడే బౌల్డర్ సముద్ర మట్టానికి సుమారు 5,400 అడుగుల ఎత్తు. బీవైయూ ఉన్న ప్రోవో సుమారు 4,500. ఓర్లాండో నుంచో హ్యూస్టన్ నుంచో వెళ్లినవాళ్లకు రెండో అర్ధభాగంలో ఊపిరి అందదు. షాట్ బుట్ట ముందు కొసకు తగిలి వెనక్కి వస్తుంటే అర్థం, కాళ్లలో సత్తువ అయిపోయిందని. అనుభవమున్న కోచ్ ఆ ఊళ్లలో మనుషుల్ని త్వరత్వరగా మారుస్తాడు. పైగా శనివారం ఒక ఆట, సోమవారమో మంగళవారమో ఇంకొకటి ఉంటే, ప్రత్యర్థి ఆటతీరు నేర్పడానికి ఒకటో రెండో రోజులే దొరుకుతాయి. నాలుగో ఏడు చదివేవాడు ఆ జట్టుతో ఇంతకు ముందే ఆడి ఉంటాడు. కొత్తవాడికి అంతా అప్పుడే చూడటం. జనవరి నెలాఖర్లో కొత్త కుర్రాళ్ల ఆట ఒక్కసారిగా పడిపోవడానికి ముఖ్య కారణం ఇదే. అలసట ఒక్కటే కాదు.

హ్యూస్టన్

కోచ్‌ల ఓటింగ్‌లో హ్యూస్టన్‌దే మొదటి స్థానం. దేశం మొత్తంలో ఏపీ ఓటింగ్‌లో రెండో స్థానం. పోయిన ఏడాది 35–5. లీగ్ లోపల 19 గెలిచి ఒక్కటి ఓడింది, ఆ ఒక్కటీ టెక్సస్ టెక్ చేతిలో. ఫైనల్లో ఫ్లోరిడా చేతిలో 65–63తో పోయింది. చివరి సారి బంతి చేతికొచ్చినా షాట్ కూడా వేయలేకపోయింది. కోచ్ కెల్విన్ సాంప్సన్‌కి ఈ నెలలోనే 70 నిండాయి.

ఎవరు మిగిలారు? గార్డులు మిలోస్ ఉజాన్, ఇమాన్యుయెల్ షార్ప్. లోపల, అంటే బుట్ట దగ్గర, జోసెఫ్ టగ్లర్, పోయిన ఏడాది లీగ్‌లో ఉత్తమ డిఫెండర్. ఎవరు వెళ్లారు? ఎల్‌జే క్రయర్, జేవాన్ రాబర్ట్స్. ఎవరు వచ్చారు? న్యూ ఆర్లీన్స్ ప్రాంతం నుంచి దాదాపు ఏడడుగుల క్రిస్ సెనాక్ జూనియర్. ఐడహో నుంచి ఐజయా హార్వెల్. శాన్ ఆంటోనియో నుంచి కింగ్‌స్టన్ ఫ్లెమింగ్స్.

పోయిన మార్చిలో పర్డ్యూ మీద చివరి సెకనులో ఏం చేశారో గుర్తుందా? స్కోరు సమం. బంతి లోపలికి వేయాల్సింది ఉజాన్. టగ్లర్‌కి వేశాడు, వేసి గీత లోపలికి దూకాడు, టగ్లర్ తిరిగి అతని చేతికే ఇచ్చాడు, బుట్ట దగ్గరికెళ్లి తేలిగ్గా వేసే లేఅప్. 62–60. బంతి లోపలికి వేసేవాణ్ణి ఎవరూ కాపలా కాయరు, అదీ అసలు కిటుకు. ఆ ఇద్దరూ మళ్లీ వచ్చారు. అందుకే హ్యూస్టన్‌ని పైన పెట్టాను. కొత్త ముగ్గురి వల్ల మాత్రమే అయితే పెట్టేవాణ్ణి కాదు.

ఇప్పుడు సెనాక్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఏడాది హ్యూస్టన్ తిరిగే ఇరుసు ఇతనే. ప్రత్యర్థి గార్డు బంతి తెస్తాడు, వాళ్ల పొడగరి వచ్చి స్క్రీన్ పెడతాడు, అంటే మన గార్డుకి అడ్డం నిలబడతాడు. చాలా జట్లలో మన పొడగరి వెనక్కి జరిగి రిమ్, అంటే బుట్ట అంచు, కాపాడతాడు. హ్యూస్టన్‌లో అలా కాదు. బంతి ఉన్నవాడి మీదికే దూకాలి. రెండడుగులు అతన్ని పక్కకు నెట్టాలి. మన గార్డు స్క్రీన్ దాటి రాగానే వెనక్కి పరుగెత్తి తన మనిషిని పట్టుకోవాలి. మూడు పనులు, రెండు సెకన్లు. తప్పు ఎక్కడ జరుగుతుంది? ముందే దూకితే బంతి ఉన్నవాడు ఇద్దరి మధ్య సందులోంచి దూరిపోతాడు. ఆలస్యంగా దూకితే నెత్తి మీద మూడు పాయింట్ల షాట్. తిరిగి పరుగెత్తేటప్పుడు నింపాదిగా ఉంటే రిమ్ దగ్గర గాల్లోకి పాస్ వేసి డంక్ చేస్తారు. చేత్తో పట్టుకుంటే ఫౌల్, ఐదే ఉన్నాయని చెప్పాను కదా. హైస్కూల్లో సెనాక్ లాంటి పొడవున్నవాడు రిమ్ కింద నిలబడితే సరిపోయేది. ఇక్కడ 25 అడుగుల దూరం వచ్చి పాదాలు కదపాలి. పక్కన టగ్లర్ ఉంటాడు కాబట్టి నేర్చుకునేందుకు వ్యవధి ఉంది. ఫ్లెమింగ్స్ మీద నా అంచనా ఇంకా పెద్దది. ఉజాన్ ఉన్నంతసేపు బంతి బరువు అతని మీద పడదు. అలాంటి చోటే కొత్త గార్డులు త్వరగా ఎదుగుతారు. హార్వెల్ హైస్కూల్లో మోకాలి గాయం తగిలి వచ్చినవాడు, అతని విషయంలో తొందరపడకండి.

బీవైయూ, కాన్సస్: ఇద్దరు పెద్ద పేర్లు

డిబాన్సా మసాచుసెట్స్‌లోని బ్రాక్టన్ కుర్రాడు. 6 అడుగుల 9 అంగుళాలు, కానీ గార్డులా కదులుతాడు. ఈ జులైలో స్విట్జర్లాండ్‌లో 19 ఏళ్ల లోపువారి ప్రపంచ కప్‌లో అమెరికా గెలిచింది, ఉత్తమ ఆటగాడు అతనే. ఒక మంచి ముచ్చట చెబుతాను. ఆ జట్టు కోచ్ ఎవరు? ఆరిజోనా కోచ్ టామీ లాయిడ్. ఆ జట్టులోనే ఆరిజోనాకి వచ్చిన కోవా పీట్. ఫైనల్లో ఎదురు జట్టు జర్మనీ, దాన్ని నడిపిన గార్డు క్రిస్టియన్ ఆండర్సన్, టెక్సస్ టెక్ కుర్రాడు. ప్రపంచ కప్ ఫైనల్లో సగం కథ మన బిగ్ 12దే. జనవరి నుంచి డిబాన్సాని ఆపాల్సింది అతనికి ఆ వేసవంతా నేర్పిన లాయిడ్. అతని బలహీనత ఏమిటో లాయిడ్‌కి తెలిసినంత ఇంకే కోచ్‌కి తెలుసు?

బీవైయూ కోచ్ కెవిన్ యంగ్ ఎన్‌బీఏ నుంచి వచ్చినవాడు. ఐదుగురినీ బయట పరిచి మధ్య ఖాళీ చేసి ఆడిస్తాడు. దానికి కార్నర్‌లో షాట్ పడేవాడు కావాలి, రిచీ సాండర్స్ ఉన్నాడు. పోయిన ఏడాది ఆటకు 16 పైచిలుకు పాయింట్లు, మూడు పాయింట్ల షాట్లు వందకి 43. బంతి తెచ్చేవాడు కావాలి, బేలర్ నుంచి రాబ్ రైట్ వచ్చాడు, ఇదే లీగ్‌లో ఒక ఏడాది ఆడినవాడు. లోపల కేబా కేటా. డిబాన్సా డ్రైవ్ చేస్తే, అంటే బంతితో బుట్ట వైపు దూసుకెళ్తే, సాండర్స్‌ని వదిలి సాయానికి రావాలా వద్దా అని ప్రత్యర్థి తేల్చుకోలేక చస్తాడు. అందుకే ఇద్దరు పెద్ద పేర్లలో డిబాన్సా జట్టు ఎక్కువ దూరం వెళ్తుందని నా నమ్మకం. అనుమానం డిఫెన్స్ మీదే. పోయిన మార్చిలో అలబామా బీవైయూ మీద 51 మూడు పాయింట్ల షాట్లు వేసి 25 దించింది. 113–88. టోర్నమెంట్ చరిత్రలో అన్ని మూడు పాయింట్ల షాట్లు ఎవరూ ఒక ఆటలో వేయలేదు. ఆ కంత పూడ్చారా లేదా అన్నది నవంబర్ 15న బోస్టన్‌లో యూకాన్‌తో (కనెక్టికట్ యూనివర్సిటీ) ఆడినప్పుడు తెలుస్తుంది.

పీటర్సన్ ఒహాయోలోని కాంటన్ కుర్రాడు. ఆగి, మనిషిని లేపి, తర్వాత షాట్ వేస్తాడు. ఆ వయసులో అంత నిదానం అరుదు. ఒక్కొక్కరినే పోల్చితే, ఈ ఏడాది లీగ్‌లోకి వచ్చిన కొత్తవాళ్లలో షాట్ తయారు చేసుకోవడంలో పీటర్సనే ముందు. కానీ అతని చుట్టూ చూడండి. డికిన్సన్, హారిస్, మేయో, ఆడమ్స్ అందరూ వెళ్లిపోయారు. పోయిన ఏడాది ఆడినవాళ్లలో చెప్పుకోదగ్గవాడు ఫ్లోరీ బిడుంగా ఒక్కడే. ట్రే వైట్ ఇలినాయ్ నుంచి, మెల్విన్ కౌన్సిల్ జూనియర్ సెయింట్ బొనవెంచర్ నుంచి వచ్చారు. కౌన్సిల్ పరుగు, పట్టుదల మెచ్చుకోవాలి. కానీ దూరం నుంచి షాట్ పడుతుందన్న భయం ప్రత్యర్థికి లేకపోతే ఏం చేస్తాడు? ఫ్రీ త్రో గీత మధ్యలో ఇంకో మనిషిని నిలబెడతాడు. పీటర్సన్ ఎటు తిరిగినా రెండో ఛాతీ అడ్డం. అప్పుడు 30 సెకన్లు అయిపోతుంటే కష్టమైన షాట్లే మిగులుతాయి. బిల్ సెల్ఫ్ 2008లో, 2022లో కప్పు తెచ్చినవాడు, దారి వెతుకుతాడు. పీటర్సన్ లేకుండా ఐదు నిమిషాలు ఆడాల్సి వస్తే కాన్సస్ స్కోరు ఎలా కదులుతుందో చూడండి. అదే ఆ జట్టుకి అసలు కొలత.

ఆరిజోనా, టెక్, అయోవా స్టేట్

ఆరిజోనాకి పీట్ సొంత రాష్ట్రం కుర్రాడు, గిల్బర్ట్ ఊరు, హైస్కూల్లో నాలుగేళ్లూ రాష్ట్ర టైటిల్ గెలిచాడు. 6 అడుగుల 8 అంగుళాల గట్టి శరీరం. కొత్తవాళ్లలో శరీరం ఇప్పటికే కాలేజీకి సిద్ధంగా ఉన్నది ఇతనికే. కాలిఫోర్నియా నుంచి గార్డు బ్రేడెన్ బరీస్. వాళ్లని నడపడానికి జేడెన్ బ్రాడ్లీ, లోపల టోబే అవాకా, పోయిన ఏడాది గాయంతో చాలా భాగం కూర్చున్న లిథువేనియా కుర్రాడు మోటియస్ క్రివాస్. ఇది కోరుకోదగ్గ కలయిక. ఒకటే భయం: కాలెబ్ లవ్ వెళ్లాక దూరం నుంచి వేసేది ఎవరు? పీట్, క్రివాస్, అవాకా ముగ్గురూ రిమ్ దగ్గరివాళ్లే. ఇద్దరు ఒకేసారి ఉంటే నడుమ ఇరుకైపోతుంది. లాయిడ్ దీన్ని రెండు రకాలుగా విడదీస్తాడు: పరుగుతో డిఫెన్స్ సర్దుకోకముందే వేయడం, లేదా ఒకర్ని ఫ్రీ త్రో గీత దగ్గర పెట్టి అక్కడి నుంచి కిందున్నవాడికి పాస్ ఇప్పించడం. పీట్ ఆ పాస్ ఇవ్వగలడు.

టెక్సస్ టెక్ పేరు చెప్పగానే జేటీ టాపిన్ అనాలి. మన డల్లస్ కుర్రాడు. పోయిన ఏడాది లీగ్ ఉత్తమ ఆటగాడు, ఆటకు 18.2 పాయింట్లు, 9.4 రీబౌండ్లు. డ్రాఫ్ట్‌కి వెళ్లకుండా ఉండిపోయాడు. ఆండర్సన్ ఉన్నాడు. పోయిన మార్చిలో ఫైనల్ ఫోర్‌కి, అంటే సెమీఫైనల్స్‌కి, ఒక్క అడుగు ముందు, మూడు నిమిషాల పైచిలుకు మిగిలి ఉండగా ఫ్లోరిడా మీద తొమ్మిది పాయింట్ల ముందుండి 84–79తో ఓడారు. ఆ నొప్పి తెలిసిన ఇద్దరు మళ్లీ కలిసి ఆడటం చిన్న విషయం కాదు. హ్యూస్టన్‌కి అసలు పోటీ వీళ్లే అని నా లెక్క.

అయోవా స్టేట్ దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే కొత్త కుర్రాళ్లందరికీ పరీక్ష పెట్టేది వీళ్లే. కోచ్ ఆట్జెల్‌బర్గర్ పద్ధతి ఒక్క ముక్కలో: మధ్యలోకి రానివ్వకు. డిఫెండర్ తన పై పాదాన్ని ముందుకు పెట్టి మధ్య దారి మూసేస్తాడు. బేస్‌లైన్, అంటే బుట్ట వెనక గీత, పక్క దారి మాత్రం తెరిచి, రమ్మని పిలిచినట్టే ఉంటుంది. హైస్కూల్లో డిబాన్సాకి, పీటర్సన్‌కి ఆ దారి దొరికితే లేఅప్పే. ఇక్కడ అదే ఉచ్చు. అటు పక్క రిమ్ దగ్గరున్న డిఫెండర్ ముందే బయల్దేరి బేస్‌లైన్ మీద ఎదురు నిలుస్తాడు. కబడ్డీలో రైడర్‌ని కావాలని మూలకి రానిచ్చి గొలుసు బిగిస్తారే, అచ్చం అలాగే. వెనక నుంచి మొదటి డిఫెండర్, ముందు రెండోవాడు, పక్కన గీత. ఇక బయటపడే దారి ఒక్కటే: అడ్డంగా అవతలి కార్నర్‌కి పొడవు పాస్. దాన్ని గాల్లోకి ఎత్తి వేస్తే మూడోవాడు లాక్కుంటాడు. నేరుగా, ఒంటి చేత్తో, డ్రిబుల్ ఆపకముందే వేయాలి. కొత్తవాళ్లు చేసే తప్పు ముందు దూకి, గాల్లో ఉండగా ఎవరికివ్వాలా అని వెతకడం. దూకాక వెతికితే టర్నోవరే, బంతి అవతలివాళ్లదే.

ఈ పద్ధతిని నడిపేది టామిన్ లిప్సీ, యూనివర్సిటీ ఉన్న ఎయిమ్స్ ఊళ్లోనే పెరిగిన గార్డు, చివరి ఏడు. జాషువా జెఫర్సన్, మిలాన్ మోమ్‌చిలోవిచ్ కూడా ఉన్నారు. పేరున్న కొత్తవాళ్లు లేరని ఈ జట్టుని వదిలేయకండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. బేలర్‌లో స్కాట్ డ్రూ దాదాపు జట్టంతా కొత్తగా కట్టాడు. బెనిన్ దేశంలో పుట్టిన టూండే యెసూఫూ కాలిఫోర్నియా హైస్కూల్ బాలుర చరిత్రలో అత్యధిక పాయింట్లు చేసినవాడు. బలం ఉంది, ఉత్సాహం ఉంది, పక్కన పాతవాళ్లే లేరు. కాన్సస్ స్టేట్‌కి పీజే హాగర్టీ వచ్చాడు, టీసీయూ, టల్సా, మెంఫిస్ తర్వాత నాలుగో కాలేజీ. పోయిన ఏడాది ఆటకు 21 దాటి వేశాడు. వెస్ట్ వర్జీనియాకి కొత్త కోచ్ రాస్ హాడ్జ్, మన డెంటన్‌లో నార్త్ టెక్సస్ నుంచి వెళ్లాడు. యూటాకి అలెక్స్ జెన్సెన్, నిన్నటిదాకా మావెరిక్స్‌లో సహాయ కోచ్. వీళ్లిద్దరికీ ఒక ఏడాది ఇవ్వాలి.

ఈ ఏడాది మారినవి

జీతాల సంగతి అడుగుతున్నారు. జూన్‌లో ఆటగాళ్లకు చెల్లింపుల మీద కోర్టు ఒప్పందం ఆమోదం పొందింది. జులై 1 నుంచి యూనివర్సిటీ తానే అన్ని ఆటల ఆటగాళ్లకీ కలిపి ఏడాదికి సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా పంచొచ్చు. బాస్కెట్‌బాల్‌లో స్కాలర్‌షిప్ జట్టు 13 నుంచి 15కి పెరిగింది. టాపిన్ లాంటివాళ్లు ఉండిపోవడానికి ఇలాంటి డబ్బు కూడా ఒక కారణం. అందుకే పాత గార్డుల విలువ ఇంకా పెరిగింది, తగ్గలేదు.

ఆటలో రెండు మార్పులు. ఒకటి, కోచ్ సవాలు. క్రికెట్‌లో డీఆర్‌ఎస్ తెలుసు కదా, అలాంటిదే. చేతిలో టైమ్‌అవుట్ ఉంటేనే అడగాలి. బంతి ఎవరి చేయి తగిలి బయటికెళ్లింది, రిమ్ మీద బంతిని అడ్డుకున్నారా, రిమ్ కింద నాలుగు అడుగుల అర్ధచక్రం లోపల డిఫెండర్ ఉన్నాడా, ఈ మూడింటికే. నెగ్గితే ఇంకోసారి అడగొచ్చు, పోతే టైమ్‌అవుట్ పోయినట్టే, ఆ ఆటలో ఇక సవాలు లేదు. మొదటి పది నిమిషాల్లో వాడేసే కోచ్ చివర్లో చేతులు నలుపుకుంటాడు. రెండోది, డ్రైవ్‌లో డ్రిబుల్ ఆపాక దెబ్బ తగిలినా అడుగు పూర్తి చేసి బుట్టలో వేస్తే ఇప్పుడు లెక్కలోకి వస్తుంది. డిబాన్సా, పీటర్సన్ లాంటివాళ్లకు ఇది నేరుగా లాభం. బేస్‌లైన్ మీద ఎదురు నిలబడే డిఫెండర్ ఇంకా ముందే రావాలి.

మార్చి లెక్క ఒక్కటి చెప్పి ముగిస్తాను. 68 జట్లని ఎంచే కమిటీ ముందు ఎన్‌ఈటీ అనే ర్యాంకింగ్ ఉంటుంది. సొంత కోర్టులో మొదటి 30 ర్యాంకుల జట్టుని, తటస్థ కోర్టులో మొదటి 50ని, బయట మొదటి 75ని ఓడిస్తే అది అగ్రశ్రేణి గెలుపు. బయట ఆడితే గీత ఎంత సడలిందో చూడండి. ఈ లీగ్‌లో బయటికెళ్లి మధ్యరకం జట్టుని ఓడించినా ఆ ఖాతాలో పడొచ్చు. పోయిన ఏడాది మన లీగ్ నుంచి ఏడు జట్లు వెళ్లాయి, నాలుగు చివరి పదహారు దాకా నిలిచాయి. ఈసారి టోర్నమెంట్ నాలుగు విభాగాల్లో దక్షిణ విభాగం చివరి ఆటలు హ్యూస్టన్ నగరంలోనే ఉన్నాయి. సాంప్సన్ జట్టు ఆ విభాగంలో పడి మొదటి రెండు రౌండ్లు బయట గెలిస్తే, సొంత ఊళ్లోనే ఆడి ఫైనల్ ఫోర్‌కి వెళ్లొచ్చు.

ఎక్కడ చూడాలి అంటారా? ఇక్కడి నుంచి దగ్గర ఫోర్ట్ వర్త్‌లో టీసీయూ, చిన్న ఆవరణ, ఏ సీటు నుంచైనా కోర్టు దగ్గరే. వేకోలో బేలర్ కొత్త పెవిలియన్ గంటన్నర దారి. లీగ్ టోర్నమెంట్ మార్చి 10 నుంచి 14 దాకా కాన్సస్ సిటీలో.

వెళ్లేలోపు నవంబర్ 3 రాత్రి టీవీ పెట్టండి. లాస్ వేగాస్‌లో ఒకే ఆవరణలో ఆరిజోనా ఫ్లోరిడాతో, బీవైయూ విల్లనోవాతో. కెమెరా బంతినే చూపిస్తుంది, మీరు మాత్రం మొదటి పది నిమిషాలు బంతి లేని పక్క పీట్‌ని చూడండి. అటు పక్క డ్రైవ్ మొదలైనప్పుడు అతని పాదం ముందే కదిలిందా, బంతిని చూస్తూ నిలబడిపోయాడా? ఎన్నిసార్లు ఏది జరిగిందో ఒక కాగితం మీద గీతలు పెట్టుకోండి. అదే కాగితం జనవరిలో మళ్లీ తీసి, అదే లెక్క ఇంకోసారి వేయండి.